తీరం మీద మొదటి రెక్కలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో గల్లిపోలి గురించి రాశాం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బ్రిటిష్, ఫ్రెంచ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, భారత సైనికులు ఓడల్లో వెళ్లి టర్కీ తీరంలో దిగి, ఎనిమిది నెలలకు పైగా పోరాడి, చివరికి ఏమీ దక్కకుండానే వెనక్కి వచ్చేసిన కథ అది. దానిమీద వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకటే అడిగారు: అప్పటికి విమానాలు ఉన్నాయి కదా, అవి ఏం చేసినట్టు? ఒక్కో మాటలో చెప్పేస్తే అన్యాయం చేసినట్టవుతుంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కాకినాడ. 2019లో మన సైన్యం, అమెరికా సైన్యం కలిసి మా తీరంలో విన్యాసాలు చేశాయి. ఓడ, హెలికాప్టర్, ఒడ్డుకు దిగే బండి, అన్నీ ఒకే పనిలో భాగంలా కనిపించాయి. ఇలా కలిపి చేయడం ఎప్పటి నుంచి ఉంది?

మీరు చెప్పేది 'టైగర్ ట్రయంఫ్' విన్యాసాల గురించి. సముద్రం మీంచి వచ్చి శత్రువు ఒడ్డున దిగడాన్ని ఉభయచర యుద్ధం అంటారు. ఒడ్డున దిగి కొట్లాడటం వేల ఏళ్ల నాటిదే. అందులోకి విమానం వచ్చింది మాత్రం 1914లోనే.

ఆ ఏడాదే విమానం లేకుండా జరిగిన ఒక దాడిని ముందు చూడండి. నవంబర్ 2 నుంచి 5 దాకా, ఇప్పటి టాంజానియాలో ఉన్న టాంగా రేవు. బొంబాయి నుంచి ఓడల్లో వెళ్లిన సుమారు 8,000 మంది సైన్యంలో ఎక్కువమంది భారతీయులే, మద్రాసు సైన్యపు పాలంకోట దళం, ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన 98వ దళం కూడా వాళ్లలో ఉన్నాయి. ఊళ్లో శత్రువు లేడన్న నమ్మకంతో దింపారు. చెట్ల చాటున సుమారు వెయ్యి మంది జర్మన్ల సైన్యం కాచుకుని ఉంది. దానికి తోడు కాల్పులకు రేగిన తేనెటీగల గుంపులు మనవాళ్ల మీద పడ్డాయి. మూడు రోజుల్లో మెషిన్‌గన్లు, మందుగుండు అక్కడే వదిలేసి ఓడలెక్కాల్సి వచ్చింది. ఒక్క విమానం పైనుంచి చూసి ఉంటే చెట్ల కింద ఉన్నవాళ్లు కనిపించేవాళ్లా అంటే, కనిపించకపోవచ్చు. కానీ ఊరు ఖాళీగా ఉందన్న భ్రమతో సైన్యాన్ని దింపే ముందు చూసి రమ్మనడానికి ఏ సాధనమూ లేకపోవడం ఎలా ఉంటుందో టాంగా చూపించింది.

సరిగ్గా అదే కాలంలో చైనా తీరంలో జర్మన్ల చేతిలో ఉన్న చింగ్‌టావ్ రేవు మీదికి జపాన్ వెళ్లింది. వాళ్ల దగ్గర వకమియా అనే ఓడ ఉంది, అందులో ఫార్మన్ రకం సీప్లేన్లు, అంటే నీళ్ల మీంచి లేచి నీళ్ల మీదే దిగే విమానాలు. క్రేన్‌తో నీళ్లలోకి దించితే అవి లేచి వెళ్లి రేవును చూసి వచ్చేవి, చిన్న చిన్న బాంబులు వేసేవి. సెప్టెంబర్ 30న ఆ ఓడ మందుపాతరకు తగిలి దెబ్బతింది. అప్పుడు విమానాలను ఒడ్డుకు చేర్చి అక్కడి నుంచే ఎగిరారు. ఓడ మీద మొదలుపెట్టి, నేల దొరకగానే నేల మీదికి మారిపోవడం అన్న పద్ధతి అనుకోకుండా అక్కడే పుట్టింది. మీరు కాకినాడలో చూసినదానికి మూలాలు వెతికితే నేనైతే చింగ్‌టావ్‌నే ముందు చూపిస్తాను.

ప్రశ్న: గల్లిపోలిలో బ్రిటిష్ వాళ్లకు విమానాలు ఉన్నాయని మీరే రాశారు. పైనుంచి చూసి కూడా అంత ఘోరంగా ఎలా దెబ్బతిన్నారు? (హైదరాబాద్ నుంచి ఒక పీజీ విద్యార్థిని)

ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెప్పాలి.

1915 ఫిబ్రవరి 17న ఆర్క్ రాయల్ అనే ఓడ గల్లిపోలికి దగ్గర్లో ఉన్న టెనెడోస్ దీవికి చేరింది. కట్టడం అప్పుడే మొదలైన సరుకు ఓడను కొని సీప్లేన్ల కోసం మార్చారు, పదకొండు నాట్ల వేగం దాటి కదలలేని ఓడ అది. సీప్లేన్‌తో ఇబ్బంది ఏమిటంటే, అల ఎక్కువైతే దాని కింది తేలే పడవలు విరుగుతాయి, నీళ్లు మరీ అద్దంలా ఉన్నా అవి నీటికి అతుక్కుపోయినట్టై లేవదు. అంటే సముద్రం ఒప్పుకున్న రోజే కన్ను తెరుచుకుంటుంది.

మార్చి 5న ఏం జరిగిందో చూడండి. క్వీన్ ఎలిజబెత్ అనే పెద్ద యుద్ధనౌక కొండల అవతల ఉన్న కోటల మీద కాల్చాలి. ఓడ మీద ఉన్నవాళ్లకు కోట కనిపించదు, గుండు ఎక్కడ పడిందో పైనుంచి చెప్పేవాడు కావాలి. మొదటి సీప్లేన్ సుమారు మూడు వేల అడుగులకు వెళ్లాక ప్రొపెల్లర్ ముక్కలై సముద్రంలో పడింది. రెండోది వెళ్లింది, కింది నుంచి తుపాకీ గుండు తగిలి పైలట్ గాయంతో దిగిపోయాడు. మూడోది వెళ్లేసరికి పొద్దు గడిచిపోయింది. ప్రపంచంలోనే పెద్ద ఫిరంగులున్న ఓడల్లో ఒకటి ఆ రోజు దాదాపు గుడ్డిగా కాల్చింది. వైర్‌లెస్ కూడా ఒకవైపే పనిచేసేది. విమానం నుంచి మోర్స్‌లో చెప్పడమే తప్ప, ఓడ చెప్పేది విమానానికి వినిపించదు. 'అర్థమైందా?' అని అడగడానికి కూడా వీల్లేని సంభాషణ.

మార్చి నెలాఖరుకు కమాండర్ శామ్సన్ తన మూడో స్క్వాడ్రన్‌తో వచ్చాడు, చక్రాల విమానాలతో. టెనెడోస్‌లో ద్రాక్షతోటను చదును చేసి ఎగిరే మైదానం చేశారు. పరిశీలకులు చాలడం లేదని ఓడల మీద శిక్షణలో ఉన్న కుర్రాళ్లను, పదహారు పదిహేడేళ్ల మిడ్‌షిప్‌మన్‌లను, వెనక సీట్లో కూర్చోబెట్టారు. వాళ్లు ఫొటోలు తీశారు, మ్యాపుల్లో తప్పులు దిద్దారు, కందకాలు ఎక్కడున్నాయో గుర్తించారు. మానికా అనే ఓడ నుంచి తాడుతో ఎగరేసిన బెలూన్ కూడా ఉండేది. ఏప్రిల్ 25న దిగే ఓడల మీద కొండల మీదుగా కాలుస్తున్న టర్కీ యుద్ధనౌకను ఆ బెలూన్‌లోంచే చూసి చెబితే ట్రయంఫ్ అనే ఓడ గుండ్లు వేసి దాన్ని తరిమింది. కాబట్టి విమానాలు పనికిరాలేదు అనడం తప్పు. ఉన్న కొద్దిపాటి వాటితో ఆ కుర్రాళ్లు చేసింది చాలా ఎక్కువ.

మరి పొరపాటు ఎక్కడ? అదే ఏప్రిల్ 25 ఉదయం, సైన్యం దిగే చోట్లలో ఒకటైన వి బీచ్ దగ్గర. తెల్లవారుజాము నుంచి ఓడలు తీరాన్ని ఫిరంగులతో దున్నేశాయి. పడవలు ఒడ్డుకు దగ్గరవుతుంటే సొంతవాళ్లకు తగలకుండా కాల్పులు పైకి, దూరానికి జరిపారు. ఆ కొద్ది నిమిషాలే టర్కీ సైనికులకు చాలింది. కందకాల్లోంచి తల ఎత్తారు, తుపాకులు సర్దుకున్నారు, పడవలు ఇసుక దగ్గరికి వచ్చేదాకా ఆగారు, అప్పుడు మొదలుపెట్టారు. పైన ఎగురుతున్న శామ్సన్ చూశాడు. నీలంగా, నిశ్చలంగా ఉన్న సముద్రం ఒడ్డు నుంచి యాభై గజాల దాకా ఎర్రగా మారిపోయిందని తర్వాత రాసుకున్నాడు. అతనికి అంతా కనిపిస్తోంది. కానీ కింద ఏ పడవను ఆపాలో, ఏ ఓడకు ఎక్కడ కాల్చమనాలో చెప్పే అధికారమూ లేదు, అందుకు ముందే అనుకున్న పద్ధతీ లేదు. ఈ యుద్ధం గురించి చదివిన ప్రతిసారీ నేను ఆగిపోయేది ఇక్కడే.

అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో వై బీచ్ అని ఇంకోటి ఉంది. అక్కడ దాదాపు రెండు వేల మంది ఒక్క గుండు కూడా ఎదురుకాకుండా దిగారు. వి బీచ్‌లో చచ్చిపోతున్నవాళ్లకు వెనక నుంచి సాయం వెళ్లగలిగేవాళ్లే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కదలలేదు, మర్నాడు వాళ్లను తిరిగి ఓడలెక్కించారు.

ఆగస్టులో గల్లిపోలిలోనే సువ్లా దగ్గర మరీ దారుణం. ఇరవై వేలకు పైగా బ్రిటిష్ సైన్యం దిగింది, ఎదురుగా ఉన్నది సుమారు 1,500 మంది. ముందున్న కొండల మీద పెద్దగా ఎవరూ లేరని, ఉత్తరం వైపు నుంచి మాత్రం టర్కీ దళాలు నడిచి వస్తున్నాయని విమానాలు చెప్పాయి. అయినా అక్కడి బ్రిటిష్ సేనాపతి జనరల్ స్టాప్‌ఫర్డ్ ఫిరంగులు రాలేదని, నీళ్లు రాలేదని ఆగాడు. ఆగస్టు 9 తెల్లవారేసరికి టెక్కే టెపే కొండ ఎక్కబోతే టర్కీ వాళ్లు కొద్ది నిమిషాల ముందే పైకి చేరారు. చూసినవాడి మాట నిర్ణయం తీసుకునేవాడికి చేరితే సరిపోదు, ఆ మాట వస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి. అలా రాసి పెట్టుకునేదాన్నే డాక్ట్రిన్ అంటారు. గల్లిపోలిలో విమానం ఉంది, డాక్ట్రిన్ లేదు.

ప్రశ్న: ఆ రోజుల్లో విమానాలు బాంబులు వేసి ఒడ్డును శుభ్రం చేయలేకపోయాయా? (గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు)

చేయలేవు మాస్టారూ, లెక్క మీకే తెలిసిపోతుంది. 1915 ఆగస్టు 12న ఎడ్మండ్స్ అనే పైలట్ షార్ట్ 184 సీప్లేన్‌తో మర్మరా సముద్రంలో టర్కీ ఓడను టార్పెడోతో (నీళ్లలో దూసుకెళ్లి ఓడకు తగిలి పేలే ఆయుధం) కొట్టాడు. ఎగురుతున్న విమానం నుంచి టార్పెడోతో ఓడను కొట్టడం లోకంలో అదే మొదటిసారి. ఆ ఒక్క పద్నాలుగు అంగుళాల టార్పెడో మోయడానికి వెనక మనిషిని దించేయాలి, పెట్రోలు తగ్గించాలి. అయిదు రోజులకు డేకర్ అనే ఇంకో పైలట్ ఇంజిన్ మొరాయించడంతో నీళ్ల మీద దిగాడు. దిగినవాడు ఊరుకోక పడవలా నడుపుకుంటూ వెళ్లి ఒక టగ్‌ను (ఓడల్ని లాగే చిన్న ఓడ) టార్పెడోతో కొట్టి ముంచి, బరువు తగ్గాక మళ్లీ ఎగిరిపోయాడు. ధైర్యం ఎంతైనా మెచ్చుకోవచ్చు, కానీ ఆ బరువులతో కందకాల వరసను చెదరగొట్టడం కుదిరే పని కాదు.

అందుకే మొదట్లో విమానం బలం కన్నులోనే ఉంది. శత్రువు కన్ను పొడవడంలోనూ ఉంది. 1915 డిసెంబర్‌లో, 1916 జనవరిలో గల్లిపోలి నుంచి సైన్యాన్ని రాత్రిపూట గుట్టుగా ఓడలెక్కించినప్పుడు, పగలు బ్రిటిష్ విమానాలు గస్తీ తిరిగి శత్రు విమానాలను తీరం మీదికి రాకుండా చూశాయి. తీరం ఖాళీ అవుతోందని అవతలివాళ్లకు తెలియనే లేదు.

ప్రశ్న: గల్లిపోలి తర్వాత ఎవరైనా సరిగ్గా చేశారా? (నెల్లూరు)

ఇద్దరు చేశారు. 1917 అక్టోబర్‌లో జర్మన్లు బాల్టిక్ సముద్రంలో రష్యా చేతిలో ఉన్న ఓసెల్ దీవి మీద దిగారు. 24 వేలకు పైగా సైన్యం, సుమారు వంద విమానాలు, ఆకాశ నౌకలు కూడా. పది రోజులు తిరక్కుండానే దీవులన్నీ వాళ్ల చేతికొచ్చాయి. రష్యా సైన్యం అప్పటికే విప్లవంతో చెల్లాచెదురై ఉంది కాబట్టి దీన్నుంచి మరీ ఎక్కువ పాఠాలు తీయకూడదని నా అభిప్రాయం.

రెండోది నాకు ఎక్కువ ఇష్టమైన ఉదాహరణ. 1925 సెప్టెంబర్ 8న స్పెయిన్ సైన్యం ఫ్రెంచ్ వాళ్ల సాయంతో మొరాకోలోని అల్‌హుసేమాస్ దగ్గర దిగింది. పదమూడు వేల మంది, వందకు పైగా విమానాలు, దెదాలో అనే విమానాల ఓడ, పదకొండు ట్యాంకులు. వాళ్లు ఎక్కి వచ్చిన బార్జీలు బ్రిటిష్ వాళ్ల నుంచి కొన్నవి, సువ్లాలో వాడిన రకమే. మన గోదావరి మీద పంటులా చదునుగా ఉండి, ముందు వైపు నుంచి దిగడానికి బల్ల ఉండే పడవలవి. పడవ అదే, ఫలితం వేరు. విమానాలను విడిగా పంపకుండా మొదటి రోజు నుంచీ దిగే పనిలో భాగం చేశారు: చూడటం, కొట్టడం, ఓడల ఫిరంగులకు గురి చెప్పడం. అయినా ఒక తప్పు జరిగింది. బార్జీలు ఒడ్డుకు యాభై మీటర్ల ముందే నేలకు తగిలి ఆగిపోయాయి, సైనికులు మెడ లోతు నీళ్లలో నడిచి వెళ్లారు, ట్యాంకులు వెనక ఉండిపోయాయి. ఈ విషయం గుర్తుంచుకోండి, చివరి ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ మెరైన్ల గురించి గొప్పగా చెబుతారు. ఈ డాక్ట్రిన్ రాసింది నిజంగా వాళ్లేనా?

మెరైన్లంటే ఓడల మీంచి ఒడ్డున దిగి పోరాడే అమెరికా దళం. పుస్తకంగా రాసింది వాళ్లే, అందులో అనుమానం లేదు. గల్లిపోలి చూశాక పగటిపూట పెద్ద ఎత్తున ఒడ్డున దిగడం ఇక అసాధ్యమని చాలా దేశాల్లో సైనికాధికారులు అనుకున్నారు. అమెరికా మెరైన్లకు అలా అనుకునే వీలు లేదు. జపాన్‌తో యుద్ధం వస్తే పసిఫిక్‌లో దీవి తర్వాత దీవి పట్టుకుంటూ పోవాలి. ఎర్ల్ ఎల్లిస్ అనే మేజర్ 1921లోనే ఆ ప్రణాళిక రాసి పెట్టాడు. పాపం, రెండేళ్లకు జపాన్ ఆధీనంలో ఉన్న పలావ్‌లో చనిపోయాడు.

మెరైన్లు విమానాన్ని ముందు నుంచీ ఒడ్డున దిగే దళానికి చెందిన వస్తువుగానే చూశారు. కన్నింగ్‌హామ్ అనే అధికారి 1912 మే 22న విమానం నేర్చుకోవడానికి వెళ్లిన రోజునే వాళ్ల వైమానిక దళం పుట్టినరోజుగా జరుపుకుంటారు. 1914 జనవరిలో పోర్టోరికో దగ్గర కులేబ్రా దీవిలో సాధన చేస్తూ, కాల్బలం అధికారులను ఒక్కొక్కరిగా విమానం ఎక్కించి తమ కందకాలు పైనుంచి ఎలా కనిపిస్తాయో చూపించారు. ఎంత మంచి పనో! తన కందకాన్ని పైనుంచి ఒకసారి చూసిన అధికారి తర్వాత దాన్ని అలాగే వదిలేయడు.

తర్వాత మధ్య అమెరికాలోని నికరాగువా. అక్కడి యుద్ధం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, మెరైన్ల మీద పోరాడిన తిరుగుబాటు నాయకుడు సాండినో వైపు నుంచి చూస్తే అది విదేశీ సైన్యం చొరబాటే. విమానాల సంగతికొస్తే, 1927 జూలై 16న ఒకోటాల్ ఊళ్లో సాండినో మనుషులు చుట్టుముట్టిన మెరైన్ల కోసం మేజర్ రోవెల్ అయిదు పాత డి.హెచ్. విమానాలతో వచ్చి, ఒకదాని వెనక ఒకటి ముక్కు కిందికి దించి, బాగా కిందికొచ్చి బాంబులు వదిలాడు. నేల మీద ఉన్నవాళ్లకు రేడియో లేదు. గుడ్డ ముక్కలు నేల మీద పరిచి శత్రువు ఏ వైపు ఉన్నాడో చూపించేవాళ్లు. కాగితం పంపాలంటే రెండు గుంజల మధ్య తాడు కట్టి దానికి చీటీ తగిలిస్తే, విమానం కిందికొచ్చి కొక్కెంతో ఎత్తుకుపోయేది. కింద ఉన్నవాడు అడగడం, పైన ఉన్నవాడు చేయడం. శామ్సన్‌కు లేనిది సరిగ్గా ఇదే.

1933 నవంబర్‌లో క్వాంటికోలో మెరైన్ల స్కూలు తరగతులు ఆపేసి, చదువుతున్నవాళ్లనూ చెప్పేవాళ్లనూ కలిపి కూర్చోబెట్టి ఒకే పని ఇచ్చారు: ఒడ్డున ఎలా దిగాలో రాయండి. గల్లిపోలిని ముందు పెట్టుకుని రాశారు. 1934లో వచ్చిన ఆ మాన్యువల్‌లో నాయకత్వం, ఓడల ఫిరంగులు, సరుకుల రవాణాలతో పాటు విమానాలది ఒక ప్రధాన భాగం. వాటి పని అందులో స్పష్టంగా ఉంది: ముందుగా చూడాలి, ఓడలనూ పడవలనూ శత్రు విమానాల నుంచి కాపాడాలి, ఫిరంగులకు గురి చెప్పాలి, పొగ వేయాలి. ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఓడల ఫిరంగులు ఆగినప్పటి నుంచి పడవ ఇసుకను తాకేదాకా మిగిలే ఆ కొద్ది నిమిషాలు విమానాలు నింపాలి. వి బీచ్‌లో మనుషుల్ని చంపింది ఆ నిమిషాలే. 1935 నుంచి దాన్ని ఏటా, ఎక్కువగా కులేబ్రాలో, సాధన చేసి, తప్పులు దిద్దుకుంటూ పోయారు.

వాళ్లొక్కరే అనుకోకండి. జపాన్ సైన్యం అప్పటికే షిన్షు మారు అనే ఓడ కట్టింది. దిగే పడవలు, విమానాలు రెండూ ఒకే ఓడలో. మీ పక్కింటి అమెరికన్ మిత్రుడికి ఈ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: నేను నేవీలో పనిచేసి రిటైరయ్యాను, ఊరు శ్రీకాకుళం జిల్లా. 1971లో కాక్స్ బజార్ దగ్గర మనవాళ్లు దిగినప్పుడు ఇబ్బంది పడ్డారని విన్నాం. అప్పటికి విమానాలు ఎంతో ముందుకెళ్లాయి కదా సార్, ఎందుకలా?

మీరడిగింది కన్ను ఎక్కడిదాకా చూడగలదన్న ప్రశ్న. ముందు 1943 నవంబర్ నాటి తారావా చూద్దాం, పసిఫిక్‌లో జపాన్ చేతిలో ఉన్న దీవి అది. దీవిలో జపాన్ సైనికులు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి అమెరికన్లు ఫొటోల్లో నీళ్ల మీద కట్టిన మరుగుదొడ్లు లెక్కపెట్టారు. ఒక్కోదాన్ని ఎంతమంది వాడతారో అంచనా వేసి సంఖ్య తేల్చారు, అది నిజానికి చాలా దగ్గరగా వచ్చింది. మనుషుల్ని అంత చక్కగా లెక్కగట్టినవాళ్లకు పగడపు దిబ్బ మీద ఆ ఉదయం నీళ్లు ఎంత లోతు ఉంటాయో మాత్రం ఖాయంగా తెలియలేదు. పడవలు దిబ్బ మీద ఆగిపోయాయి, మెరైన్లు వందల గజాలు నీళ్లలో నడుస్తూ గుండ్లకు ఎదురెళ్లారు. 76 గంటల్లో సుమారు వెయ్యి మంది పోయారు.

ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలోని కాక్స్ బజార్‌ది అదే జబ్బు, శత్రువు లేకుండా. 1971 డిసెంబర్ మధ్యలో ఘరియల్, గుల్దార్ అనే మన ఓడలు గూర్ఖా దళాలతో ఆ తీరానికి వెళ్లాయి. అక్కడ ఎదిరించేవాళ్లు ఎవరూ లేరు. ఓడ ఒడ్డు అనుకున్న చోట నేలకు తగిలింది, కానీ అది ఇసుక మేట. దానికీ అసలు ఒడ్డుకీ మధ్య మనిషి మునిగే గుంట ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో పెరిగిన మీకు నేను చెప్పాలా, మేట దాటాక లోతు ఉంటుందని వేటకెళ్లే ప్రతి మత్స్యకారుడికీ తెలుసు. బరువు సామాన్లతో దిగిన గూర్ఖాలు కొందరు మునిగిపోయారు. ఆ తర్వాత స్థానిక పడవల సాయంతో మిగతావాళ్లు ఒడ్డు చేరాల్సి వచ్చింది.

పైనుంచి తీసిన ఫొటోలో మేట కనిపిస్తుంది, గుంట కనిపించదు. దానికి రాత్రిపూట ఈదుకెళ్లి తాడుతో లోతు కొలిచే మనుషులు కావాలి, లేదా ఆ ఒడ్డున పుట్టినవాడిని అడగాలి. అల్‌హుసేమాస్‌లో మెడ లోతు నీళ్లలో నడిచిన స్పెయిన్ సైనికుల దగ్గరి నుంచి ఇదే వరస. మీరు సర్వీసులో ఉండగా ఒడ్డు కొలతల పని ఏమైనా చేసి ఉంటే, చెప్పడానికి వీలైనంతవరకు రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.